పీసీ ఫ్యాన్‌కి గది వేడి కూడా తెలియాలి

పీసీ ఫ్యాన్ల వేగం మార్చే కంట్రోలర్ ఇంట్లో చేసుకుంటున్నానని చెప్తే ఎవరైనా ముందు అడిగేది ఒకటే, రెడీమేడ్‌గా దొరుకుతుంటే నీకెందుకీ తంటా అని. కోఠి గుజరాతీ గల్లీలో కాంపొనెంట్లు అమ్మే ఆయన కూడా అదే అన్నాడు. "నాబ్ ఉన్న డబ్బాలే అమ్ముతున్నరు గదన్నా, ఇవన్నీ అతికిచ్చుకునుడు ఎందుకు?" డబ్బు లెక్కలో ఆయనదే కరెక్టు. ఐసీ పది రూపాయలే అయినా పీసీబీ, కనెక్టర్లు, డబ్బా, సోల్డరింగ్ సామాను, కోఠి దాకా పెట్రోలు కలుపుకుంటే మిగిలేదేమీ ఉండదు. కాబట్టి డబ్బు ఆదా అవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

నా బాధ వేరే. బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, ఉండే ఫ్యాన్ కర్వులు మామూలుగా ఒకే అంకె చూసి నడుస్తాయి: ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలు ఉంది? 40 ఉంటే ఇంత వేగం, 60 ఉంటే ఇంత, 75 దాటితే ఫుల్లు. గది ఎంత వేడిగా ఉందో దానికి తెలియదు, తెలుసుకునే దారి కూడా చాలా బోర్డుల్లో ఉండదు. ఏసీ వేసి 22 డిగ్రీల్లో ఉంచిన గదిలో ఈ లెక్క బాగానే కుదురుతుంది. మే నెలలో, పై అంతస్తులో, స్లాబు నేరుగా నెత్తిన ఉన్న గదిలో మధ్యాహ్నం థర్మామీటరు 39 చూపిస్తుంటే ఆ కర్వు ఏం చేస్తుంది? నేను ఏదో పీడీఎఫ్ చదువుకుంటుంటే కూడా ప్రాసెసర్ 55లో ఉంటుంది, ఫ్యాన్లు సగం పైన వేగంతో మోగుతూ ఉంటాయి. వాటివల్ల ఒరిగేది మాత్రం దాదాపు సున్నా. అదే పీసీ, అదే పీడీఎఫ్, డిసెంబరు తెల్లవారుజామున గది 20 ఉన్నప్పుడు చప్పుడే ఉండదు. పీసీ చేసే పని మారలేదు, పుట్టించే వేడి మారలేదు, మారిందల్లా వాతావరణం. వాతావరణం మారినందుకు ఫ్యాన్ అరవడం ఏ రకంగా న్యాయం?

ఒరిగేది సున్నా అని ఊరికే అనట్లేదు, లెక్క ఉంది. క్యాబినెట్‌లోకి గది గాలి వస్తుంది, లోపలి వేడి పట్టుకుని వెనకనుంచి పోతుంది. ఎన్ని డిగ్రీలు వేడెక్కి పోతుందన్నది రెండిటి మీదే ఆధారపడుతుంది: లోపల ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయి, నిమిషానికి ఎంత గాలి కదులుతోంది. వాట్లను 1.76తో గుణించి, సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి కదులుతోందో ఆ అంకెతో భాగిస్తే ఉజ్జాయింపుగా డిగ్రీలు వస్తాయి. 200 వాట్లు, 25 సీఎఫ్ఎం అనుకోండి, గాలి 14 డిగ్రీలు వేడెక్కుతుంది. గాలి రెట్టింపు చేసి 50 చేస్తే 7. ఇంకా రెట్టింపు చేసి 100 చేస్తే మూడున్నర. మొదటి రెట్టింపుకి 7 డిగ్రీలు దిగాం, రెండో రెట్టింపుకి మూడున్నరే దిగాం. ఎంత తిప్పినా గది ఉన్న 39 కంటే కిందికి ఒక్క డిగ్రీ కూడా దిగదు.

ఇప్పుడు చప్పుడు సంగతి. ఒకే ఫ్యాన్‌లో వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది, ఒత్తిడి నాలుగింతలవుతుంది, లాగే పవర్ ఎనిమిదింతలవుతుంది. శబ్దం 15 డెసిబెల్స్ చుట్టుపక్కల పెరుగుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితేనే చెవికి రెండింతల చప్పుడులా వినిపిస్తుంది. అంటే ఆ రెండో రెట్టింపులో మూడున్నర డిగ్రీల కోసం దాదాపు మూడింతల మోత కొనుక్కుంటున్నాం. ఈ బేరం నాకు నచ్చలేదు. పైగా ఈ లెక్కలోనే ఇంకో మంచి మాట దాగి ఉంది: ఒకే రకం ఫ్యాన్లు రెండు పెడితే కలిపి 3 డెసిబెల్సే పెరుగుతుంది. ఒక ఫ్యాన్‌ని ఫుల్లుగా తిప్పే బదులు రెండిటిని సగం వేగంతో తిప్పితే దాదాపు అంతే గాలి కదులుతుంది, చప్పుడు మాత్రం 12 డెసిబెల్స్ తక్కువ. కంట్రోలర్ సంగతి తర్వాత, ముందు ఇంకో ఫ్యాన్ కొనండి.

నా పీసీ సంగతి కూడా చెప్పాలి. అది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బ్రాండెడ్ ఆఫీసు డబ్బా. మన దగ్గర చాలామంది ఇళ్లలో ఉన్నవి ఇలాంటివే, సికింద్రాబాదు సీటీసీలోనో ఇంకో చోటో రీఫర్బిష్డ్ అని తెచ్చుకుని, ర్యామ్ పెంచి, ఎస్ఎస్‌డీ పెట్టి, కుదిరితే గ్రాఫిక్స్ కార్డు దూర్చి వాడుకుంటాం. ఈ డబ్బాల బయాస్‌లో ఫ్యాన్ కర్వు అనే పేజీయే ఉండకపోవచ్చు. క్యాబినెట్ ఫ్యాన్‌కి ఒకే ఒక్క కనెక్టర్ ఉంటుంది, అది కూడా కంపెనీ సొంత ఆకారంలో. అదనంగా పెట్టే ఫ్యాన్లని నేరుగా ఎస్ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై) 12 వోల్టులకు కలపడమే గతి, అప్పుడవి పొద్దస్తమానం ఫుల్లు వేగంతో తిరుగుతాయి. ఇలాంటి పీసీ ఉన్నవాళ్లకి సొంత కంట్రోలర్ అవసరమా కాదా అన్న చర్చే లేదు, అవసరమే. చర్చంతా ఎలాంటిది చేసుకోవాలన్న దానిమీదే.

ఎలాంటిది అన్నదానికి మన ఇంటి గోడే పాఠం చెప్తుంది. సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ మూడు తరాలుగా మారింది. మొదట పెద్ద నల్ల డబ్బా, లోపల తీగచుట్ట రెసిస్టెన్సు. ఒకటి నంబరు మీద పెట్టి చేయి ఆనిస్తే వెచ్చగా తగిలేది, ఫ్యాన్‌కి తగ్గించిన కరెంటులో కొంత అక్కడ వేడిగా పోయేది. తర్వాత ట్రయాక్ పెట్టిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, గుండ్రంగా తిప్పేవి. వేడి లేదు గానీ కరెంటు తరంగాన్ని ముక్కలుగా కోసి ఇస్తాయి కాబట్టి తక్కువ వేగంలో ఫ్యాన్ 'మ్‌మ్‌మ్' అంటుంది. ఆ తర్వాత కెపాసిటర్లతో స్టెప్పుల రెగ్యులేటర్లు వచ్చి వేడీ మోతా రెండూ తగ్గాయి. పీసీ ఫ్యాన్ల కథా సరిగ్గా ఇదే వరసలో నడిచింది, ఏసీ బదులు 12 వోల్టుల డీసీ, అంతే తేడా.

అథ్లాన్ ప్రాసెసర్ల రోజుల్లో, అంటే 2000 తర్వాత మొదటి రెండు మూడేళ్లలో, 60 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్లు 7000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వరకు తిరుగుతూ హెయిర్ డ్రయ్యర్‌లా మోగేవి. అప్పట్లో జనం చేసింది తీగచుట్ట పాట్ (తిప్పితే రెసిస్టెన్సు మారేది) ఒకటి వరసలో పెట్టేయడం. లేదా ఫ్యాన్ ఎర్రతీగని 12 వోల్టులకి, నల్లతీగని గ్రౌండ్‌కి బదులు 5 వోల్టులకి కలిపి 7 వోల్టులు పుట్టించడం. ఈ ఏడు వోల్టుల చిట్కా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. నేనైతే వద్దంటాను. ఫ్యాన్ కరెంటు 5 వోల్టుల లైన్లోకి వెళ్లి పడుతుంది, ఆ లైన్ మీద అంతకంటే ఎక్కువ లోడు ఉంటే సరే, లేకపోతే ఆ వోల్టేజీ పైకి జరుగుతుంది. 5 వోల్టుల మీద ఇంకేమేం బతుకుతున్నాయో తెలుసు కదా.

మూడు పిన్నుల ఫ్యాన్లు ఉంటే ఎల్‌ఎం317 చాలు. అందరికీ తెలిసిన అడ్జస్టబుల్ వోల్టేజీ రెగ్యులేటర్, అవుట్‌పుట్ వోల్టేజీ అంటే 1.25 ఇంటూ, ఒకటి ప్లస్ ఆర్2 బై ఆర్1. అందరూ ఆర్1గా 240 ఓమ్స్ పెట్టి, ఆర్2 స్థానంలో 5కె పాట్ ఒక్కటే పెట్టేసి ఊరుకుంటారు. అది పూర్తిగా కిందికి తిప్పితే 1.25 వోల్టులొస్తాయి, ఫ్యాన్ ఆగిపోతుంది, ఆగిందని ఎవరికీ తెలియదు. దానికి బదులు 680 ఓమ్స్ మామూలు రెసిస్టర్ ఒకటి, దానికి వరసలో 1కె పాట్ పెట్టండి. నాబ్ అటు చివర 4.8 వోల్టులు, ఇటు చివర సరిగ్గా 10. పిల్లాడు వచ్చి తిప్పేసినా ఫ్యాన్ చాలావరకు ఆగదు. పై నుంచి ఎటూ 10, పదిన్నర దాటి రాదు, ఎల్‌ఎం317 తన పొట్టలోనే ఒకటిన్నర, రెండు వోల్టులు తినేస్తుంది. ఆ తేడా మీకు వినపడదు కూడా.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష తప్పనిసరి. మల్టీమీటర్ పెట్టుకుని వోల్టేజీని మెల్లగా పెంచుతూ ఆగి ఉన్న ఫ్యాన్ ఏ అంకె దగ్గర లేస్తుందో చూడండి, తర్వాత మెల్లగా తగ్గిస్తూ ఏ అంకె దగ్గర ఆగుతుందో చూడండి. రెండూ ఒకటి కావు. నాలుగు వోల్టుల దాకా తిరుగుతూనే ఉండే ఫ్యాన్‌కి ఆగినచోటు నుంచి లేవడానికి ఐదున్నర కావాల్సి రావచ్చు. నాబ్ తక్కువలో పెట్టి రాత్రి షట్‌డౌన్ చేసి, పొద్దున ఆన్ చేస్తే లేవని ఫ్యాన్ల గుట్టు ఇదే. కనిష్ఠ వోల్టేజీని లేచే అంకెకి కాస్త పైన పెట్టుకోవాలి, ఆగే అంకెని చూసి కాదు. అలాగే ఎల్‌ఎం317కి హీట్‌సింక్ పెట్టండి, మూడు ఫ్యాన్లు కలిపితే ఒకటిన్నర వాట్ల వేడి దానిమీద పడుతుంది. వినడానికి చిన్నదే, వేలు పెడితే తెలుస్తుంది. వేడి తగ్గించే పరికరం క్యాబినెట్ లోపల కూర్చుని తానే వేడెక్కడం నాకు మొదటి నుంచీ నచ్చని సంగతి, పాత నల్ల డబ్బా రెగ్యులేటర్ గుర్తొస్తుంది.

ఇక్కడే చాలామంది మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) ఒకటి పెట్టి, మూడు పిన్నుల ఫ్యాన్ సప్లైనే పీడబ్ల్యూఎంతో, అంటే వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ, కోసేస్తారు. కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర కోస్తే ఫ్యాన్ టికటికమంటుంది లేదా సన్నగా గీపెడుతుంది, పైగా ఫ్యాన్ లోపల తిరుగుడుని పసిగట్టే హాల్ సెన్సారుకీ కంట్రోలు ఐసీకీ కూడా కరెంటు వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి ఆర్‌పీఎం రీడింగు పిచ్చిపిచ్చిగా వస్తుంది. చప్పుడు తగ్గించుకోడానికి చేసే పనిలో కొత్త చప్పుడు పుట్టించుకోవడం ఏం తెలివో నాకర్థం కాదు.

నాలుగు పిన్నుల ఫ్యాన్ ఆ గొడవంతా తీర్చేసింది. 2004లో ఇంటెల్ 775 సాకెట్‌తో పాటు జనంలోకి వచ్చిన పద్ధతి ఇది. 12 వోల్టులు ఎప్పుడూ పూర్తిగా ఉంటాయి, నాలుగో తీగ మీద సంకేతం మాత్రమే వెళ్తుంది, 25 కిలోహెర్ట్జ్ దగ్గర. 21 నుంచి 28 దాకా ఒప్పుకుంటుంది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్‌తో ఆగిపోతుంది కాబట్టి ఆ పీడబ్ల్యూఎం మోత మనకి అందదు. ఇందులో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. ఆ నాలుగో తీగని ఫ్యానే లోపలనుంచి పైకి లాగి ఉంచుతుంది, మనం చేయాల్సింది దాన్ని గ్రౌండ్‌కి కిందికి లాగడం మాత్రమే. తీగ తెగిపోయినా, సోల్డరింగ్ ఊడినా, కంట్రోలర్ చచ్చిపోయినా ఫ్యాన్ ఫుల్లు వేగంతో తిరుగుతుంది. పాడైతే మోగుతుంది, అంతే. ఇలాంటి డిజైన్ చేసినవాడికి దండం పెట్టాలి.

ఆ తీగని కిందికి లాగడానికి 555 టైమర్ ఐసీ ఒక్కటి చాలు. 1971లో హాన్స్ కామెన్‌జిండ్ డిజైన్ చేసిన ఐసీ, 1972 నుంచి అమ్ముతున్నారు, ఇప్పటికీ పాలిటెక్నిక్ పిల్లల మొదటి ఐసీ అదే. మామూలు ఎస్టేబుల్ (ఆగకుండా పల్సులిచ్చే) సర్క్యూట్‌లో ఏడో పిన్నుతో కెపాసిటర్ని డిశ్చార్జి చేస్తాం. ఇక్కడ ఆ పని మూడో పిన్నుకి అప్పగించాలి. మూడో పిన్ను నుంచి 10కె పాట్ మధ్య కాలుకి, పాట్ రెండు చివర్ల నుంచి ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు, అక్కడినుంచి 3.9 లేదా 4.7 నానోఫారడ్ కెపాసిటర్, 555 రెండో పిన్నూ ఆరో పిన్నూ అక్కడికే. పాట్ తిప్పితే డ్యూటీ, అంటే సంకేతం ఆన్‌లో ఉండే శాతం, మారుతుంది, ఫ్రీక్వెన్సీ 25 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో కాస్త అటూ ఇటూ ఊగుతుంది, ఫ్యాన్ పట్టించుకోదు. ఇలా చేస్తే ఏడో పిన్ను ఖాళీగా మిగులుతుంది కదా, అది ఓపెన్ కలెక్టర్, అంటే గ్రౌండ్‌కి లాగడమే గానీ పైకి తోయనిది. ఫ్యాన్ అడిగేదీ సరిగ్గా ఓపెన్ కలెక్టరే. అదనంగా ట్రాన్సిస్టర్ కూడా అక్కర్లేకుండా ఏడో పిన్నుని నేరుగా ఆ నాలుగో తీగకి, అంటే నీలం తీగకి, కలిపేయొచ్చు. ఎన్ని ఫ్యాన్లున్నా నీలం తీగలన్నీ ఒక చోటికి తేవచ్చు. ఆకుపచ్చ తీగలు, అంటే ఆర్‌పీఎం చెప్పేవి, మాత్రం ఎప్పుడూ కలపకండి, రెండు ఫ్యాన్ల పల్సులు కలిసిపోయి అర్థంలేని అంకె వస్తుంది.

చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది, అయిపోవాలి కూడా. ఒక నాబ్, ఎండాకాలం ఒక చోట, చలికాలం ఇంకో చోట. సాఫ్ట్‌వేర్ లేదు, డ్రైవర్ లేదు, అప్‌డేట్ లేదు. మొదటి నుంచీ గది వేడి, గది వేడి అని నేను గోల పెడుతున్నది మనిషి చేత్తో నాబ్ తిప్పినప్పుడు దానంతటదే తీరిపోతుంది, ఎందుకంటే గది వేడి ఎంతో మనిషికి తెలుసు.

కానీ నాకు బద్ధకం. పైగా రాత్రిపూట వీడియో ఎన్‌కోడింగ్ పెట్టి పడుకుంటాను, అప్పుడు లేచి నాబ్ తిప్పేదెవరు?

అందుకని ఆర్డుయినో నానో, మనం ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డు. మళ్లీ ప్రాసెసర్ వేడిని యూఎస్‌బీ గుండా పంపించే సాఫ్ట్‌వేర్ రాయడం నాకిష్టం లేదు, విండోస్ హ్యాంగ్ అయితే ఫ్యాన్ కూడా దానితో హ్యాంగ్ అవుతుంది. వేడి కొలిచే సెన్సార్లు రెండు పెట్టాను, రెండూ డీఎస్18బీ20లే. ఒకటి క్యాబినెట్ ముందు కింద, గాలి లోపలికి వచ్చేచోట. రెండోది వెనక ఫ్యాన్ గ్రిల్ దగ్గర, బయటికి పోయే గాలిలో. రెండిటి తేడా, అదొక్కటే కంట్రోలర్ చూస్తుంది. పైన చెప్పిన లెక్క గుర్తుంటే, ఆ తేడా అంటే వాట్లు బై గాలి. గది 20 ఉన్నా 39 ఉన్నా పీసీ ఖాళీగా ఉంటే తేడా నాలుగైదు డిగ్రీలే. గేమ్ మొదలెడితే పెరుగుతుంది, కాలం ఏదైనా సరే. తేడా 7 లోపు ఉంటే 30 శాతం డ్యూటీ, 12 దాటితే 85 శాతం, మధ్యలో సరళరేఖ. 100 దాకా మామూలుగా వెళ్లనివ్వను, ఎందుకో డెసిబెల్స్ లెక్కలో చెప్పేశాను.

సెన్సార్ల దగ్గర ఒక జాగ్రత్త. ఒక్కో డీఎస్18బీ20కి అర డిగ్రీ అటూ ఇటూ తప్పు ఉండొచ్చు, రెండూ వ్యతిరేక దిశల్లో తప్పితే మన తేడాలో ఏకంగా ఒక డిగ్రీ అబద్ధం చేరుతుంది. 7కీ 12కీ మధ్య నడిచే లెక్కలో ఒక డిగ్రీ చిన్నది కాదు. బిగించేముందు రెండిటినీ దారంతో కలిపి కట్టి, గుడ్డలో చుట్టి, ఓ రాత్రంతా ఒక డబ్బాలో పెట్టి రీడింగులు తీయండి, వచ్చిన తేడాని ప్రోగ్రాములో తీసేయండి. ముందు సెన్సారు విషయంలో ఇంకోటి: పీసీ గోడకి ఆనించి ఉంటే వెనక నుంచి వచ్చిన వేడిగాలే తిరిగి ముందుకొస్తుంది, అప్పుడది గది వేడి చెప్పదు. నిజానికి అప్పుడు ఫ్యాన్ ఎంత తిప్పినా దండగే, ముందు బల్ల జరపండి.

నానోలో 25 కిలోహెర్ట్జ్ రప్పించడానికి మామూలు ఎనలాగ్‌రైట్ కమాండ్ పనికిరాదు, అది చాలా పిన్నుల మీద 490 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. టైమర్ 1ని ఫేజ్ కరెక్ట్ మోడ్‌లో పెట్టి, ఐసీఆర్1 అనే రిజిస్టర్‌లో 320 వేస్తే 16 మెగాహెర్ట్జ్ క్లాకు నుంచి సరిగ్గా 25 కిలోహెర్ట్జ్ వస్తుంది. తొమ్మిదో పిన్ను నుంచి రెసిస్టర్ మీదుగా బీసీ547 ట్రాన్సిస్టర్, దాని కలెక్టర్ నీలం తీగకి. ట్రాన్సిస్టర్ సంకేతాన్ని తలకిందులు చేస్తుంది కాబట్టి ప్రోగ్రాములో డ్యూటీ తిరగేసి రాయాలి. కరెంటు ఎస్ఎంపీఎస్ మోలెక్స్ కనెక్టర్ నుంచి: పసుపు 12, ఎరుపు 5, నలుపు గ్రౌండ్. నానోకి ఎరుపు నుంచే ఇవ్వండి, 12 ఇస్తే దాని మీద ఉన్న చిన్న రెగ్యులేటర్ ఊరికే వేడెక్కుతుంది.

ఒక చిక్కు ఉంది. తీగ తెగితే ఫ్యాన్ ఫుల్లుగా తిరుగుతుందని మురిసిపోయాం గానీ, ప్రోగ్రాము మధ్యలో ఇరుక్కుపోతే? టైమర్ హార్డ్‌వేర్ కాబట్టి చివరి డ్యూటీనే హాయిగా ఇస్తూ పోతుంది. 30 శాతం దగ్గర ఇరుక్కుంటే రాత్రంతా 30 శాతమే. దీనికి మందు వాచ్‌డాగ్ టైమర్, నానోలో ఉండే చిప్‌లోనే ఉంటుంది. ప్రోగ్రాము వేళకి హాజరు వేయించుకోకపోతే చిప్‌ని రీసెట్ చేస్తుంది, రీసెట్ అయిన క్షణం పిన్నులన్నీ ఇన్‌పుట్లవుతాయి, ట్రాన్సిస్టర్ వదిలేస్తుంది, ఫ్యాన్లు లేస్తాయి. సెన్సారు జవాబివ్వకపోయినా ఇంతే, రీడింగు రాకపోతే 100 శాతం అని ప్రోగ్రాములో రాసుకోవాలి. బయటికి పోయే గాలి 55 దాటినా 100 శాతం. ఇక సీపీయూ కూలర్ ఫ్యాన్‌ని మాత్రం మదర్‌బోర్డుకే వదిలేశాను, దాని జోలికి వెళ్లకండి. ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ లేదని కొన్ని బోర్డులు మొరాయిస్తాయి, అదీగాక సెకన్లలో లేచి పడే ప్రాసెసర్ వేడికి జవాబు చెప్పాల్సింది ఆ ఫ్యానే.

క్యాబినెట్ ఫ్యాన్లు మాత్రం నిదానంగా కదలాలి. ఇది నా రెండో పట్టు. ఒకే తీరుగా వచ్చే హోరుని చెవి కాసేపటికి మర్చిపోతుంది, లేకపోతే సీలింగ్ ఫ్యాన్ కింద మనం నిద్రపోలేం. మర్చిపోలేనిది మార్పుని. బ్రౌజర్‌లో ఒక బరువైన పేజీ తెరిచినప్పుడల్లా 'హూఁ' అని లేచి మళ్లీ పడే ఫ్యాన్, నిలకడగా కొంచెం గట్టిగా తిరిగే ఫ్యాన్ కంటే ఎన్నో రెట్లు చిరాకు. అందుకే పెరిగేటప్పుడు రెండు సెకన్లకి ఒక శాతం, తగ్గేటప్పుడు పది సెకన్లకి ఒక శాతం అని పెట్టాను. కింద నుంచి పైకి వెళ్లడానికి దాదాపు రెండు నిమిషాలు, దిగడానికి తొమ్మిది. అంత ఆలస్యమైతే ఏదో కాలిపోతుందని టెన్షన్ పడేవాళ్లకి చెప్తున్నా, క్యాబినెట్‌లో గాలీ రేకూ వేడెక్కడానికి కూడా నిమిషాలే పడుతుంది. వేగం పెరుగుతున్నట్టు నాకైతే వినపడదు, కాసేపటికి పెరిగి ఉందని తెలుస్తుంది, అంతే.

ఇదంతా బయాస్‌లోనే చేయొచ్చు కదా అనేవాళ్లున్నారు. కొత్త బోర్డుల్లో స్పీడు నిదానంగా మారేలా పెట్టుకోవచ్చు, నిజమే. కొన్నిటిలో బయటి థర్మిస్టర్ పెట్టుకునే పిన్నులు కూడా ఉంటాయి. విండోస్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి, లినక్స్‌లో ఎల్‌ఎం-సెన్సార్స్ ఉంది. అవన్నీ ఉన్న బోర్డు మీ దగ్గరుంటే ముందు అవే వాడండి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం సరదా అయితే తప్ప ఇటు రాకండి. నాకు ఆ బోర్డు లేదు.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. తేడా సంగతి సరే, భాగాల ప్రాణానికి అసలు వేడే ముఖ్యం కదా, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకీ సగమవుతుందంటారు, గది 39 ఉన్నప్పుడు ఫ్యాన్ ఇంకా ఎక్కువ తిరగాలి గానీ తక్కువ ఎలా తిరుగుతుంది? మాట నిజమే. కానీ 50 సీఎఫ్ఎం దగ్గర నుంచి గాలి రెట్టింపు చేసినా ఫ్యాన్‌తో అక్కడ గెలిచేది మూడున్నర డిగ్రీలే. మే నెలలో వేడి తగ్గించాలంటే వాట్లు తగ్గించాలి. గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి దించండి, గేమ్‌లో 60 ఫ్రేముల దగ్గర లాక్ చేయండి. 200 వాట్లు 140 అయితే గాలి అంతే ఉన్నా తేడా 7 నుంచి 5కి దిగుతుంది, గదిలోకి వదిలే వేడీ ఆ మేరకు తగ్గుతుంది, చిప్ సొంత వేడి ఇంకా ఎక్కువ దిగుతుంది. ఒక్క డెసిబెల్ కూడా పెరగలేదు. నిజం చెప్పాలంటే మే నెల మధ్యాహ్నం పక్కనే ఎయిర్ కూలర్ బండిలా మోగుతుంటే పీసీ ఫ్యాన్ ఎవరికి వినపడుతుంది? నిశ్శబ్దం కావాల్సింది వానాకాలం రాత్రులకి, చలికాలానికి. అప్పుడు గది ఎలాగూ చల్లగానే ఉంటుంది.

తేడా చూడటం మొదలెట్టాక నేను అనుకోని లాభం ఒకటి వచ్చింది. పీసీ ఖాళీగా ఉన్నప్పుడు, 30 శాతం వేగంలో, తేడా ఎప్పుడూ ఒకే అంకె దగ్గర ఉండాలి, వాట్లూ మారవు, వేగమూ మారదు కాబట్టి. ఆ అంకె పైకి పాకుతోందంటే గాలి తగ్గుతోందన్న మాట, అంటే ఫిల్టర్లో దుమ్ము పేరుకుంటోంది. మన ఇళ్లలో దుమ్ముకి తోడు అగరొత్తుల పొగ, వంటింటి నూనె జిడ్డు, అన్నీ కలిసి ఆ జాలీ మీద మెత్తటి కంబళిలా పట్టేస్తాయి. మామూలు కర్వు దీన్ని దాచేస్తుంది, దుమ్ము పట్టిన కొద్దీ ఫ్యాన్‌ని ఇంకాస్త వేగంగా తిప్పుతూ పోతుంది, పీసీ పాతబడింది అందుకే మోగుతోంది అని మనం అనుకుంటాం. నా డబ్బా మీద చిన్న డిస్‌ప్లే పెట్టి మూడు అంకెలు చూపిస్తున్నాను: గది, తేడా, ఆర్‌పీఎం. ఒక్క చుట్టుకి రెండు పల్సులొస్తాయి, సెకనుకొచ్చే పల్సుల్ని 30తో గుణిస్తే ఆర్‌పీఎం. ఫిల్టర్ కడిగిన రోజు ఖాళీగా ఉన్నప్పటి తేడాని మార్కర్‌తో డబ్బా మీదే రాసి పెట్టుకున్నాను, 4.5 అని. ఇది రాస్తుంటే 6.2 చూపిస్తోంది. ఆదివారం జాలీ విప్పి కడగాలి.